గోదావరి అవతలి ఒడ్డు ప్రొఫెసరు

ఎం.ఏ. రెండో సంవత్సరంలో డిజర్టేషన్‌కి విషయం ఏం తీసుకోవాలో తేల్చుకోలేక లైబ్రరీలో తిరుగుతున్న రోజులవి. మా క్లాసులో అందరూ విదేశాంగ విధానం, ఐక్యరాజ్యసమితి, చైనా, అఫ్గానిస్తాన్ అంటూ పెద్ద పెద్ద పేర్లు రాసి ఇచ్చేశారు. నాకూ అలాంటిదే ఏదో ఒకటి రాసి పడెయ్యాలని ఉండేది. చర్ల నుంచి వచ్చినవాడు మళ్ళీ చర్ల గురించే రాస్తే ఏం గొప్ప? నిజం చెప్పొద్దూ, మా ఊరి పేరు చెబితే చాలామందికి అడవి, పోలీసులు, పేపర్లో వచ్చే వార్తలు తప్ప ఇంకేమీ గుర్తుకు రావు. ఆ మొహమాటం నాలో బాగానే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం కింది అరలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. 1945లో అచ్చయింది. పాపికొండల్లోని కొండరెడ్ల గురించి. అడవిదున్నల కొండల రెడ్లు అని దాని పేరుకి అర్థం. రాసినాయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆ పేరు అంతకుముందు విన్నదే, ఆదిలాబాద్ గోండుల దొర అని. కానీ మా గోదావరి ఒడ్డున కూడా తిరిగాడని నాకు అప్పటిదాకా తెలియదు. నిలబడే ముప్పై పేజీలు చదివాను. తరవాత కూర్చుని చదివాను. ఈ సావనీరుకి ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆయన జీవితమే రాద్దామనిపించింది. అందులో విద్యార్థులకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఒప్పుకోలేని సంగతులూ కొన్ని ఉన్నాయి, అవీ రాస్తాను.

ముందు మా ఊరి సంగతి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ కథలో నదికి ఎందుకంత ప్రాముఖ్యం ఇస్తున్నానో అర్థం కాదు. భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకు సుమారు అరవై కిలోమీటర్లు పోతే చర్ల. ఉత్తరాన అడవి దాటితే బస్తర్. దక్షిణాన గోదావరి. నది అవతల మణుగూరు, పినపాక. ఇటూ కోయలమే, అటూ కోయలమే. పెళ్ళిళ్ళు, పేరంటాలు, కొలుపులు అన్నీ నది దాటే జరిగేవి. అయితే సర్కారు మాత్రం ఇటొకటి, అటొకటి. మా వైపు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా. నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలు తరవాత మద్రాసు రాజధానిలోని గోదావరి ఏజెన్సీలో కలిశాయి. అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలు మాత్రం దాని మీదుగా నడిచిపోయాయి!

మా నాయనమ్మ పుట్టినిల్లు అవతలి ఒడ్డున. మెట్టినిల్లు ఇవతల. రెండిళ్ళకూ భూమి ఉండేది. రెండిళ్ళ భూమీ పోయింది. ఎట్లా పోయిందన్నది వేరే వేరే కథ. దాని దగ్గరికి తరవాత వస్తాను.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియాలో పుట్టారు. జమీందారీ వంశం. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. ఆ రోజుల్లో వియన్నాలో ఆ శాస్త్రం ఎక్కువగా మ్యూజియాల్లో, గ్రంథాలయాల్లో నడిచేది. ఒక జాతి గొడ్డలికీ మరో జాతి గొడ్డలికీ పోలికలు చూసి, ఎవరు ఎక్కడి నుంచి వలస వచ్చారో ఊహించేవాళ్ళు. ఆయన గురువు హైనే గెల్డెర్న్ ఆగ్నేయాసియా సంస్కృతుల మీద పేరున్న పండితుడు. ఆ గురువు ప్రభావంతో శిష్యుడి చూపు అస్సాం కొండల వైపు మళ్ళింది. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సంఘవ్యవస్థను పోలుస్తూ థీసిస్ రాసి 1931లో డాక్టరేటు తీసుకున్నారు. అప్పటికి వయసు ఇరవై రెండు. విశేషమేమంటే ఆ కొండల్ని ఆయన కంటితో చూడలేదు. మొత్తం థీసిస్ పుస్తకాల మీదే. ఇది చదివి నాకు కొంచెం ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. మనలో చాలామంది చేసే పనే అది కదా.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆయన అక్కడితో ఆగలేదు. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద 1930ల నడుమ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళి మలినోవ్‌స్కీ సెమినార్‌లో కూర్చున్నారు. మలినోవ్‌స్కీది పూర్తిగా వేరే పద్ధతి. ఆయన లెక్కలో మనిషిని తెలుసుకోవాలంటే ఆ మనిషి ఊళ్ళో ఉండాలి, వాళ్ళ భాష మాట్లాడాలి, నెలల తరబడి వాళ్ళ మధ్య బతకాలి. వియన్నాలో నేర్చినదాన్ని లండన్‌లో సగం మరిచిపోవలసి వచ్చిందన్నమాట. కొత్తది నేర్చుకోవడానికి పాతది విప్పుకోవడం ఏ విద్యార్థికైనా కష్టమే. డాక్టరేటు చేతికొచ్చాక విప్పుకోవడం ఇంకా కష్టం.

1936లో ఆయన అస్సాం వెళ్ళి నాగా కొండల్లో కోన్యాక్ నాగాల మధ్య సుమారు ఏడాది ఉన్నారు. అక్కడి డిప్యూటీ కమిషనర్ జె.పి. మిల్స్ స్వయంగా నాగాల మీద పుస్తకాలు రాసిన పండితుడు. ఆ స్నేహం ఆయనకు జీవితమంతా ఉపయోగపడింది. ఆ ఏడాదే మిల్స్ నాయకత్వంలో పాంగ్షా అనే ఊరి మీదికి సర్కారు దండు బయల్దేరింది. బానిసల్ని పట్టుకుపోతున్నారని, తలలు నరుకుతున్నారని ఆ ఊరికి శిక్ష. ఊరిని తగలబెట్టారు. ఆ దండుతో పాటు హైమన్‌డార్ఫ్ కూడా నడిచారు. తన మొదటి పెద్ద పుస్తకం నాగాల గురించే 1939లో తెచ్చారు. అందులో ఈ ప్రయాణం కథ కూడా ఉంది, దాచిపెట్టలేదు. కానీ చదువుతుంటే నాకు మనసు కుదురుగా ఉండలేదు. తుపాకుల వెనకాల నడిచిన నోటుబుక్కు ఎటువైపు చూసి రాస్తుంది? చర్ల వాడికి ఈ ప్రశ్న పుస్తకాల ప్రశ్న కాదు. మా ఊళ్ళకు ఎవరు ఎవరితో కలిసి వస్తారన్నది మేం మొట్టమొదట గమనించే సంగతి.

1938లో ఆయన బెట్టీ బర్నార్డోను పెళ్ళి చేసుకున్నారు. ఆమె పూర్తి పేరు ఎలిజబెత్, ఇంగ్లీషు యువతి. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఆస్ట్రియా పాస్‌పోర్టు పోయి చేతికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. 1939లో దంపతులు మళ్ళీ భారతదేశం వచ్చారు, ఈశాన్య కొండలకే పోవాలని. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. అంతే, నాగాల పండితుడు రాత్రికి రాత్రి శత్రు దేశస్థుడైపోయాడు. సరిహద్దు కొండల్లోకి జర్మన్ పాస్‌పోర్టు వాణ్ణి ఎవరు రానిస్తారు? ఆయన సంగతి తెలిసిన బ్రిటిష్ అధికారులు జోక్యం చేసుకోబట్టి జైలు శిబిరంలో మగ్గకుండా, హైదరాబాద్ సంస్థానంలో ఉండే షరతు మీద బయటపడ్డారు. నిజాం రాజ్యం ఎల్లలే ఆయనకు చెరసాల గోడలు. అయితే ఆ గోడల లోపల నల్లమల ఉంది, పాపికొండలు ఉన్నాయి, ఆదిలాబాద్ అడవులు ఉన్నాయి.

ఏ ప్రాంతం మీద పరిశోధన చెయ్యాలో మనం ఎంచుకుంటామని అనుకుంటాం. తెలంగాణ అడవుల్ని ఆయన ఎంచుకోలేదు. ఒక పాస్‌పోర్టు తెచ్చి పడేసింది. ఆ పడ్డచోట ఆయన చేసిన పనే ఆయన పేరు నిలబెట్టింది.

మొదట 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల దగ్గరికి వెళ్ళారు. దుంపలు తవ్వుకుని, తేనె తీసి, గుడిసె ఒకచోట స్థిరంగా ఉంచని ఆ జనం మీద రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అది హైదరాబాద్ ఆదిమ తెగల మీద ఆయన తెచ్చిన వరసలో మొదటి సంపుటం. రెండోది నేను లైబ్రరీలో చూసిన కొండరెడ్ల పుస్తకం. దాని దగ్గర కొంచెం ఆగాలి.

భద్రాచలం దిగువన గోదావరి కొండల మధ్య ఇరుకుగా సాగుతుంది. ఆ కొండల్లో, అప్పటి పాల్వంచ సంస్థానం అంచున, రెడ్ల ఊళ్ళు రెండు రకాలు. కొండ మీది వాళ్ళు పోడు కొట్టుకుని, జొన్నలు, సామలు చల్లుకుని, ఏటికేడు చోటు మార్చుకుంటూ బతికేవాళ్ళు. ఏటి ఒడ్డు వాళ్ళ పని వేరు. అడవి కూపులు వేలం పాడుకున్న కాంట్రాక్టర్లకు కలప కొట్టాలి, వెదురు నరకాలి, నది దాకా లాగి తెప్పలు కట్టాలి. సరుకు రాజమండ్రి పోతుంది. కూలి కింద కొంత ధాన్యం, కొంత బట్ట, మిగతాది ఖాతాలో. ఆ ఖాతా కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది. అది ఎప్పటికీ తీరదు. తండ్రి బాకీ కొడుక్కి వస్తుంది. గోదావరి మీద వ్యాపారం పెరిగినకొద్దీ దాని పక్కనే ఉన్న మనిషి బీదవాడవుతున్నాడని, కొండ మీద ఒంటరిగా ఉన్నవాడే కొంత స్వేచ్ఛగా ఉన్నాడని హైమన్‌డార్ఫ్ చూశారు. దారి పడితే, బోటు వస్తే, వ్యాపారం వస్తే అభివృద్ధి అదే వస్తుందని ఇప్పటికీ అనుకునేవాళ్ళు ఆ పుస్తకంలో ఈ భాగం ఒక్కటైనా చదవాలి.

పెళ్ళి తంతు, దేవతలు, గోత్రాలు, ఇళ్ళు కట్టే తీరు ఇవన్నీ రాయడానికి వచ్చిన మనిషి, అప్పు పద్దుల గురించి రాయడం మొదలుపెట్టాడు. నా దృష్టిలో హైమన్‌డార్ఫ్ దారి మలుపు తిరిగింది ఇక్కడే. వియన్నాలో గొడ్డళ్ళ పోలికలు నేర్చినవాడు, ఆ గొడ్డలితో కొట్టిన దుంగ ఎవరి లాభానికి పోతోందో అడగడం మొదలైంది పాపికొండల్లోనే.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి. నది ఇవతల, మద్రాసు ఏజెన్సీలో, 1917 నుంచే ఒక చట్టం ఉండేది. కొండజాతి వాళ్ళ భూమి, ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు చెల్లదు. అవతల నిజాం ఒడ్డున 1940ల దాకా అలాంటి గట్టి రక్షణ లేదు. నాయనమ్మ తండ్రి పొలం అట్లా, ఏ అడ్డూ లేకుండా, ఒక షావుకారు అప్పు కింద పోయింది. సరే, చట్టం లేదు కనక పోయిందనుకుందాం. మరి చట్టం ఉన్న ఇవతలి ఒడ్డున మా తాత పొలం ఎందుకు పోయింది? అది కాగితం మీద మా తాత పేరునే చాలా కాలం ఉంది. దున్నుకునేది వేరేవాళ్ళు, శిస్తు కట్టేది వేరేవాళ్ళు, పంట పోయేది వేరే ఇంటికి. మా అయ్య కేసు వేసి, తారీఖులకు తిరిగి తిరిగి మానేశాడు. ఈ రెండు పొలాల తేడా ఏమిటో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ కథ చదివాక కొంత అర్థమైంది.

1940లో కుమ్రం భీం జోడెన్‌ఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. దాని వెనక ఉన్నది అడవి, భూమి. గోండులు తరాలుగా దున్నుతున్న భూములు కొన్ని రిజర్వు ఫారెస్టు గీతల్లోకి పోయాయి. మిగిలిన వాటికి పట్టాలు బయటి నుంచి వచ్చినవాళ్ళు రాయించుకున్నారు. భీం చనిపోయాక సర్కారుకి భయం పట్టుకుంది. ఇంత దూరం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలనుకుంది. గోండుల మధ్య పనిచెయ్యమని హైమన్‌డార్ఫ్‌ని అక్కడికి పంపింది. అంటే ఆయన ఆదిలాబాద్ దారి భీం నెత్తుటి మీదుగా తెరుచుకుందన్న మాట. ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ వరస సాధారణంగా మాయమవుతుంది. దొర వచ్చాడు, కష్టాలు తీర్చాడు అన్నట్టు రాస్తారు. ముందు భీం, తరవాత దొర. ఈ క్రమం మారకూడదు.

అయితే వచ్చిన మనిషి వచ్చిన పని చేసి పోలేదు. జైనూరు దగ్గర మార్లవాయి అనే గోండు ఊళ్ళో గుడిసె వేసుకుని బెట్టీతో కలిసి ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు, దుబాసీ లేకుండా మాట్లాడేటంతగా. నివేదికలు రాశారు. చెంచులు, కొండరెడ్లు, గోండులు మొదలైన వారి మీద ఆయన ఇచ్చిన 4 నివేదికల్ని సర్కారే 1945లో పుస్తకంగా వేసింది. దానికి ముందుమాట రాసింది రెవెన్యూ మెంబరు గ్రిగ్సన్. ఆయన అంతకుముందు బస్తర్‌లో పనిచేసి, మరియా గోండుల మీద 1938లో గ్రంథం రాసినవాడు. అంటే మా చర్ల అడవికి అటువైపు సంగతులు తెలిసిన మనిషే. ఇట్లాంటి అధికారి పైన ఉండబట్టి నివేదిక బీరువాలోకి పోలేదు. పరిశోధన ఎంత బాగున్నా దాన్ని చదివే అధికారి ఒకడు ఉండాలి. ఇది అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి, ఒప్పుకోక తప్పదు.

భూమి పట్టాల పని మొదలైంది. 1940ల చివరికి ఆదిలాబాద్‌లో పదకొండు వేల పైచిలుకు ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. అంకె చెప్పడం తేలిక. ఒక్కొక్క ఊళ్ళో సర్వే చెయ్యాలి, ఫారెస్టు వాళ్ళ గీత జరిపించాలి, పట్వారీ చేత రాయించాలి, రాసినదాన్ని చదవగలిగినవాడు ఆ ఊళ్ళో ఒక్కడైనా ఉండాలి. చివరిది మరీ కష్టం. ఎందుకంటే గోండుల్లో అప్పటికి చదువుకున్నవాళ్ళు లేరనే చెప్పాలి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేయించారు. బయటి పంతులు రావడం, నెలకోసారి కనపడటం కాకుండా, గోండు పిల్లాడికి గోండు పంతులు. ఆ కేంద్రంలో తయారైనవాళ్ళలో కొందరు పంతుళ్ళయ్యారు, కొందరు సర్కారు ఉద్యోగాల్లో చేరారు. ఈ పనిలో ఆయనతో కలిసి నడిచిన స్థానిక అధికారుల్లో సేతు మాధవరావు పగడి ఒకరు, తరవాత చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు.

మా తాత పొలానికి ఏం తక్కువైందో ఇక్కడ నాకు తెలిసింది. చట్టం ఉంది, కాగితం ఉంది. కాగితం చదివేవాడు ఇంట్లో లేడు.

మధ్యలో 1944లో ఆయన కథ ఇంకో మలుపు తిరిగింది. జపాన్ యుద్ధం అస్సాం గుమ్మం దాకా వచ్చింది. టిబెట్ సరిహద్దు కొండల్లో సర్కారు అడుగు ఎక్కడిదాకా ఉందో దానికే సరిగా తెలియదు. 1914లో మక్‌మహాన్ పటం మీద గీసిన గీత నేల మీద ఎవరూ నడిచి చూడనిదే. నాలుగైదేళ్ళ కింద శత్రు దేశస్థుడని కొండల్లోకి రానివ్వని మనిషినే భారత ప్రభుత్వ విదేశాంగ శాఖ సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపింది. అప్పుడాయన అపతానీల లోయకు వెళ్ళారు, తరవాత వాళ్ళ మీద పుస్తకం రాశారు. ఆ ప్రాంతం ఇప్పుడు అరుణాచల్ ప్రదేశ్. మా క్లాసువాళ్ళు ఇప్పుడు భారత చైనా సరిహద్దు మీద రాసే పేపర్లలో వచ్చే చోట్లే అవి. విదేశాంగ విధానం ఢిల్లీ గదుల్లోనే తయారవుతుందని అనుకునేవాణ్ణి. లోయలో రెండు ఊళ్ళకు ఉన్న పగ ఏమిటి, ఏ ఊరివాడు ఉప్పు కోసం టిబెట్ వైపు పోతాడు, ఇవి తెలిసినవాడు లేకుండా ఆ గదుల్లో గీత గీస్తే ఏమవుతుందో ఆ కొండలు తరవాత చూపించాయి.

1945లో తిరిగి హైదరాబాద్ వచ్చి 1949 దాకా నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనకబడిన వర్గాల సలహాదారుగా ఉన్నారు. అదే సమయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. పొద్దున పాఠం, సాయంత్రం ఫైలు. గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక నిబంధనలు ఆ రోజుల్లోనే వచ్చాయి, వరంగల్ జిల్లాలోని ప్రాంతాలూ వాటి కిందికి వచ్చాయి. అంటే మా నాయనమ్మ పుట్టింటి ఒడ్డున కూడా చట్టం వచ్చింది, పొలం పోయిన తరవాత.

1949లో ఆయన లండన్ వెళ్ళారు, స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో పనికి. ప్రాంతీయ అధ్యయనాలు అని మనం ఇప్పుడు సిలబస్‌లో చదివేది బ్రిటన్‌లో నిలదొక్కుకున్నది యుద్ధం తరవాతనే. యుద్ధంలో ఆసియా భాషలు తెలిసినవాళ్ళు చాలక అవస్థ పడ్డ బ్రిటన్, 1947 నాటి స్కార్‌బ్రో కమిషన్ నివేదిక తరవాత ఆ చదువులకు డబ్బు ఇచ్చింది. సామ్రాజ్యం పోతున్న వేళ సామ్రాజ్యం చదువు పెరగడం ఒక చిత్రం. 1951లో హైమన్‌డార్ఫ్ అక్కడ ఆసియా మానవశాస్త్రం ప్రొఫెసరు అయ్యారు. 1976లో రిటైరయ్యేదాకా ఆ శాఖను నడిపారు. లండన్ సంగతులు ఎక్కువ రాయను. కమిటీలు, పదవులు, ఇవి ఎవరి జీవితంలోనైనా ఒకేలా ఉంటాయి.

బెట్టీ గురించి మాత్రం రాయాలి. దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నిటికీ ఆమె గ్రంథసూచి తయారు చేశారు. 1958, 1964, 1970లలో 3 సంపుటాలు వచ్చాయి. ఎవరు ఏ తెగ మీద ఏ పత్రికలో ఏమి రాశారో ఒక్కొక్కటే ఏరి పెట్టిన పని. కంప్యూటర్లు లేని రోజుల్లో అది ఎంత చాకిరీయో ఒక చాప్టరుకి ఫుట్‌నోట్లు సరిచేసిన ప్రతి విద్యార్థికీ తెలుసు. భర్త పేరు అందరూ చెప్తారు. ఆ సంపుటాలు వాడుకున్నవాళ్ళు మాత్రం ఆమె పేరు చెప్తారు.

1953లో నేపాల్ వెళ్ళారు. రాణాల పాలన పోయి దేశం తలుపులు కొత్తగా తెరుచుకున్న కాలం. అక్కడ పనిచేసిన తొలి విదేశీ మానవశాస్త్రజ్ఞుల్లో ఆయన ముందువరసలో ఉన్నారు. షెర్పాల మీద పుస్తకం 1964లో వచ్చింది. కొండలెక్కే కూలీలుగా మాత్రమే ప్రపంచం ఎరిగిన షెర్పాలు, టిబెట్‌తో తరతరాల వ్యాపారం చేసిన జనమని, ఆ సరిహద్దు మూసుకుపోయాక వాళ్ళ బతుకు తారుమారైందని ఆయన రాశారు. హిమాలయ వ్యాపారుల మీద 1975లో ఇంకో పుస్తకం. గోదావరి రేవులో వెదురు తెప్పల పద్దు రాసిన చెయ్యే హిమాలయ కనమల్లో ఉప్పు, ధాన్యం లెక్క రాసిందని నాకనిపిస్తుంది.

రిటైరయ్యాక ఆయన కుర్చీలో కూర్చోలేదు. అరవై ఏడేళ్ళ వయసులో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చారు. ముప్పై ఏళ్ళ కింద తను చూసిన ఊళ్ళే మళ్ళీ తిరిగారు. ఏముంది అక్కడ? పట్టాలు ఇచ్చిన భూములు చాలా చోట్ల చేతులు మారాయి. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, భూమి ధర పెరిగింది, వలస వచ్చినవాళ్ళు నిండిపోయారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది, 1963లో తెలంగాణ ప్రాంతానికీ వచ్చింది, 1970లో దాన్ని ఇంకా బిగించారు. అయినా పోయింది పోతూనే ఉంది. తన చేతుల మీద కట్టింది కూలుతుంటే ఆయన కళ్ళు మూసుకోలేదు. భారతదేశపు గిరిజనులు బతుకు కోసం చేస్తున్న పోరాటం మీద 1982లో తెచ్చిన గ్రంథంలో ఊరి పేర్లతో, ఎకరాలతో రాశారు. ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పాతిక ముప్పై ఏళ్ళ తరవాత తన పని చోటికే వెళ్ళి, ఇక్కడ ఓడిపోయామని లెక్క చూపించే పండితులు తక్కువ. ఆ పుస్తకానికి ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. భీం తరవాత నలభై ఏళ్ళకు మళ్ళీ అదే జిల్లా, అదే భూమి.

హాస్టల్లో ఆయన మీద మేం గంటలు గంటలు వాదించుకున్నాం. ఉట్నూరు నుంచి వచ్చిన మిత్రుడికి ఆయన దేవుడితో సమానం. వాళ్ళ తాత మార్లవాయి బడిలో చదివి పంతులయ్యాడు, ఇంటిల్లిపాదికీ చదువు అక్కడినుంచే వచ్చింది. ఇంకో మిత్రుడు ఒప్పుకోడు. నిజాం సర్కారు తిరుగుబాటు చల్లార్చడానికి పెట్టుకున్న మనిషి అంటాడు. గోండుల గురించి గోండులు మాట్లాడకుండా తెల్లదొర మాట్లాడటం ఎంతకాలం అంటాడు. నేను మధ్యలో ఇరుక్కునేవాణ్ణి. ఇద్దరి మాటా నిజమే అనడం తప్పించుకోవడం అవుతుంది కనక నా మాట చెప్తాను. సర్కారు ఆయన్ని వాడుకుంది, ఆయన సర్కారును వాడుకున్నారు. లెక్కలో గోండుల చేతికి భూమి వచ్చింది కనక ఆయన వాడుకున్నదే ఎక్కువ. ఆ భూమి నిలవకపోవడానికి కారణం ఆయన పోవడం కాదు, ఆయన పెట్టిన బడి లాంటివి ఇంకో వంద పెట్టకపోవడం. అయితే పాంగ్షా ఊరి పొగ గురించి రెండో మిత్రుడు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోయారు. లండన్ తీసుకుపోలేదు. మార్లవాయిలో గోండులు తమ పద్ధతిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి బెట్టీ పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో ఊరు వాళ్ళను తలుచుకుంటుంది. నేనూ ఒకసారి ఉట్నూరు మిత్రుడితో వెళ్ళి చూసి వచ్చాను. రెండు సమాధులు, చుట్టూ చేలు, దగ్గర్లో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

కొండరెడ్ల ఊళ్ళ సంగతి ఇంకొకటి మిగిలింది. 2014లో పాత పాల్వంచ వైపు కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. హైమన్‌డార్ఫ్ తిరిగిన ఒడ్డు ఊళ్ళలో చాలా వాటికి ముంపు నోటీసులు వచ్చాయి, జనాన్ని కాలనీలకు తరలించారు. చర్ల, దుమ్ముగూడెం తెలంగాణలోనే ఉన్నాయి. ఇంకోసారి గీత జరిగింది, ఇంకోసారి బంధువులు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు.

ఆ పుస్తకంలో ఫొటోలు ఉన్నాయి. వాటిని ఫోన్‌లో తీసుకుని సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మకు చూపించాను. కళ్ళు సరిగా ఆనవు, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. మనుషుల్ని గుర్తుపడుతుందేమో, ఏదైనా పాత కథ చెబుతుందేమో అని నేను కాచుకుని కూర్చున్నాను. ఈ దొర మన రేవుకి వచ్చాడా అని అడిగింది. రాలేదు నాయనమ్మా, కింద పాపికొండల దాకానే అన్నాను. బొమ్మలో బుట్ట అల్లిక చూసి, మా అమ్మ ఇట్లాగే అల్లేదని, ఇప్పుడు ఆ వెదురు దొరకడం లేదని చెప్పింది. తరవాత, ఇంతకీ మా నాయన పొలం సంగతి అందులో రాశాడా అని అడిగింది. లేదన్నాను. మరి నువ్వు రాస్తావా అంది.

సెలవులు అయిపోయి తిరిగొచ్చాక డిజర్టేషన్ ఫారం ఇచ్చాను. విషయం అన్నచోట గోదావరి రెండు ఒడ్డుల భూమి చట్టాలు, 1917 నుంచి, అని రాశాను. మా గైడ్ గారు చదివి, కళ్ళజోడు తీసి, రికార్డులు ఎక్కడెక్కడ దొరుకుతాయో ఒక కాగితం మీద రాసుకోమన్నారు. చెన్నై, కాకినాడ, హైదరాబాద్, లండన్ అని రాసుకున్నాను. కింద మణుగూరు అని కూడా రాసుకున్నాను.